తాత ట్రంకుపెట్టెలో నాకు రాని భాషలు

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. తొంభై దాటిన మా తాత పోయినేడాది కాలం చేశారు. మొన్న ఇల్లు బాగుచేయిస్తూ ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. అందులో ఉర్దూ పుస్తకాలు చాలా ఉన్నాయి. ఒకదాని నిండా త్రిభుజాల బొమ్మలే. పాత తెలుగు పుస్తకాలూ ఉన్నాయి కానీ మాటల మధ్యలో తెలుగు తొమ్మిది (౯) అంకె, సగం సున్నలు. ఇంకో పుస్తకం తెలుగు అక్షరాల్లోనే ఉంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఒకటి. ఇవి కాక ముద్రలు వేసిన ఉర్దూ చేతిరాత కాగితాలు. మా ముత్తాత నాటువైద్యం చేసేవారట. బాబాయి అన్నీ పాతపేపర్లవాడికి వేసేయమంటున్నాడు. అమ్మ తాటాకులు ముట్టుకోవద్దంటోంది. మా బావేమో అవి లక్షలు పలుకుతాయి, ఎవరికీ చెప్పకు అంటున్నాడు. నాది మొదటినుంచీ ఇంగ్లీష్ మీడియం, తెలుగు పేపరే కూడబలుక్కుని చదువుతాను. మా పాప "ఇవేంటి నాన్నా" అని అడిగితే నోరు పెగల్లేదు. ఇంత చదివి సొంత ఇంట్లో చదువురానివాణ్ణి అయ్యానని ఒకటే టెన్షన్. ఇప్పుడు ఇవన్నీ నేర్చుకోవాలా? ఫోన్‌లో యాప్ పెట్టి చదివించుకుంటే సరిపోతుందా?
— పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ ట్రంకు తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. మిగతా సంగతులు నెమ్మదిగా చూసుకోవచ్చు. ఇలాంటి పెట్టెలకు చెదల కంటే ఇల్లు బాగుచేయించే పనులే ఎక్కువ ప్రమాదం. సున్నం వేసేవాళ్ళు వస్తున్నారని ఒక్క పూటలో ఖాళీ అయిపోతాయి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అయిదు రకాల వస్తువులున్నాయి, అయిదింటినీ కలిపి "అర్థం కావు" అనేశారు. మీ బెంగంతా అక్కడే మొదలైంది. ఒకచోట మీకు అక్షరాలు రావు కానీ భాష వచ్చు. ఒకచోట అక్షరాలు వచ్చు, భాష రాదు. ఇంకొకచోట అక్షరమూ మీదే, భాషా మీదే, రాసినవాడి చెయ్యి మాత్రమే కొత్త. ఒక్క ఆ ముద్రల కాగితాల విషయంలోనే, అవి భూమి కాగితాలయ్యుంటాయి, ఏదీ తెలియదు. వేటికవి విడదీస్తే మీరు నిజంగా నేర్చుకోవాల్సింది కొంచెమే అని తేలుతుంది.

ఉర్దూతో మొదలుపెడదాం. మీకు ఉర్దూ రాదనుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఉంటున్నారు కదా, ఆటోవాడితో బేరం ఏ భాషలో ఆడుతున్నారు? మీకు రానిది ఉర్దూ లిపి. మీ తాత పుస్తకాన్ని ఎవరైనా పైకి చదివితే, అది కవిత్వం కాకపోతే, చాలావరకు మీకే తెలుస్తుంది. పైగా ఆ లిపిలో ఒక చిత్రముంది. పొట్టి అచ్చులను మామూలుగా రాయరు, చదివేవాడే పూరించుకోవాలి. అందుకని మాట ముందే తెలిసినవాడికి ఆ లిపి త్వరగా పట్టుబడుతుంది. భాష తెలియకుండా అక్షరాలు మాత్రమే నేర్చుకున్నవాడు తడబడతాడు. మీరు మొదటి రకం.

ఆ లిపిలో ఉన్నదంతా ఉర్దూయే అనుకోకండి. ఫారసీ, అరబీ కూడా దాదాపు అవే అక్షరాలు. నిజాం రాజ్యంలో 1880లదాకా సర్కారు భాష ఫారసీ, ఆ తర్వాతే ఉర్దూ వచ్చింది. కాబట్టి మీ ముత్తాత కాలపు కాగితం ఫారసీది కావచ్చు, తాత పుస్తకం ఉర్దూది కావచ్చు. ట, డ లాంటి మన శబ్దాలు ఫారసీకి లేవు. వాటి కోసం ఉర్దూలో అక్షరం నెత్తిన ఇంకో చిట్టి అక్షరం ఎక్కిస్తారు. అలాంటివి పేజీలో నాలుగైదు చోట్ల కనిపిస్తే అది ఉర్దూ అనుకోవచ్చు. ప్రతి అక్షరానికీ పైనా కిందా గీతలు, గుర్తులు నిండుగా ఉంటే అరబీ అయ్యే అవకాశం ఎక్కువ, బహుశా మతగ్రంథం. దాన్ని విడిగా, ఎత్తుగా పెట్టి దగ్గర్లోని మసీదులో చూపించండి. చదవగలిగినవాళ్ళు పక్కనే ఉంటే ఇన్ని గుర్తులు కూడా అక్కర్లేదు. ఒక పేజీ చదవమనండి. వాక్యాల చివర "హై", "థా" అని వినిపిస్తే ఉర్దూ, "అస్త్" అని వినిపిస్తే ఫారసీ.

అంకెలు మాత్రం మీరే నేర్చుకోండి, ఒక సాయంత్రం చాలు. లిపి కుడినుంచి ఎడమకు నడిచినా అంకెలు మనలాగే ఎడమనుంచి కుడికి రాస్తారు. నిలువు గీత ఒకటి. చుక్క పెడితే సున్న. ఇంగ్లీష్ 'వి' లా ఉంటే ఏడు, దాన్ని తలకిందులు చేస్తే ఎనిమిది. తొమ్మిది మన ఇంగ్లీష్ తొమ్మిదిలాగే ఉంటుంది. మిగతావి పేజీ నంబర్లు తిరగేస్తుంటే వాటంతటవే తెలిసిపోతాయి. అంకెలొస్తే ఏ పుస్తకం ఎప్పటిదో మీరే చెప్పగలరు. కాకపోతే ఒక చిక్కుంది. అక్కడున్న ఏడాది ముస్లిం పంచాంగపు హిజ్రీ కావచ్చు, శిస్తు లెక్కల ఫస్లీ కావచ్చు, ఈస్వీ కావచ్చు. ఈస్వీ అంటే మన క్రీస్తుశకమే. ఫస్లీకి 590 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. 1357 అని ఉందనుకోండి. అది ఫస్లీ అయితే 1947-48, పోలీసు చర్యకు కాస్త అటూ ఇటూ. హిజ్రీ అయితే 1938-39. పుస్తకం విషయంలో ఈ తేడా వల్ల పోయేదేం లేదు. భూమి కాగితంలో తొమ్మిదేళ్ళ తేడా అంటే కొంప మునుగుతుంది. చాలాసార్లు ఏడాది పక్కన ఒక చిన్న అక్షరం వేస్తారు, హిజ్రీకి 'హే', ఫస్లీకి 'ఫే'. చదివిపెట్టేవాళ్ళను ఆ అక్షరమేమిటో ప్రత్యేకంగా అడగండి. (కోస్తా, రాయలసీమ పాఠకులు ఇది తమకు పట్టని సంగతి అనుకోవద్దు. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ లెక్కల్లోనూ నడిచింది ఫస్లీయే. అక్కడ జూలైలో మొదలయ్యేది.)

త్రిభుజాల పుస్తకం గురించి చదివి నాకు సరదా వేసింది. చూడకుండా చెబుతున్నాను గనక ఊహే అనుకోండి, అది రేఖాగణితం పాఠ్యపుస్తకం అయ్యుంటుంది. మీ తాత బడికి వెళ్ళిన కాలంలో హైదరాబాద్ సంస్థానంలో పైచదువులు చాలావరకు ఉర్దూలోనే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు బోధన ఉర్దూలో పెట్టారు. లెక్కలు, సైన్సు, వైద్యం, న్యాయం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా అని ఒక విభాగాన్నే నడిపారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో త్రిభుజాన్ని "ముసల్లస్" అని చదువుకున్న తరం అది. మీరు ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్ళో "ట్రయాంగిల్" అన్నారు. తాతకూ మీకూ తేడా అంతే.

ఉర్దూ అక్షరాలు నేర్చుకోవాలని ఉంటే ఆ పుస్తకమే మీ వాచకం. ఎందుకో చెబుతాను. ఉర్దూ అక్షరాలు మాటలో ఒకదానికొకటి అతుక్కుని, ఉన్న చోటునుబట్టి ఆకారం మార్చుకుంటాయి. కొత్తవాళ్ళకు అక్కడే తల తిరుగుతుంది. రేఖాగణితం బొమ్మల్లో మాత్రం ఒక్కో మూల దగ్గర ఒక్కో అక్షరం విడిగా నిలబడి ఉంటుంది. మనం ఏ, బీ, సీ పెట్టినట్టు వాళ్ళు అలిఫ్, బే, జీమ్ పెట్టేవారు. మూల దగ్గరున్న అక్షరాన్ని చూసి, అదే అక్షరం పక్కనున్న వాక్యంలో ఎక్కడుందో వెతకండి. సిద్ధాంతం మీకు ముందే తెలుసు. మూడు కోణాల మొత్తం ఉర్దూలోనూ 180 డిగ్రీలే. మీ పాపను పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

మిగతా ఉర్దూ పుస్తకాలకు చేయాల్సింది ముందు పేర్లు రాయించడమే. లోపలి మొదటి పేజీని వెలుతురులో ఫోటో తీయండి. పుస్తకం పేరు, రాసినవారు, అచ్చు వేసిన ప్రెస్సు, ఊరు, ఏడాది అన్నీ సాధారణంగా అక్కడే ఉంటాయి. పంజాగుట్టలో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ అనే సంస్థ ఉంది, మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించినది. పాత ఉర్దూ, ఫారసీ పుస్తకాలు, రాతప్రతులు వాళ్ళకు కొత్త కాదు. గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. అంతదూరం ఎందుకు, మీ ఆఫీసులోనే ఉర్దూ చదివినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండకపోరు. టీ తాగేటప్పుడు ఫోటోలు చూపించండి. వాటిలో గాలిబ్ కవిత్వం బయటపడితే ఉర్దూ వచ్చేదాకా ఆగక్కర్లేదు. దాశరథి "గాలిబ్ గీతాలు" పేరుతో తెలుగులోకి తెచ్చారు, ముందు అది చదవండి.

ఇక యాప్ సంగతి. అచ్చు పుస్తకం మీద ఫోన్ పెడితే పేరూ విషయమూ కొంతవరకు తెలుస్తాయి, వాడుకోండి. చేతిరాత మీద మాత్రం నమ్మొద్దు. దానికి "నాకు రాదు" అనడం చేతకాదు. చదవలేకపోయినా ఏదో ఒక వాక్యం అల్లి చేతిలో పెడుతుంది. ఆ వాక్యం పట్టుకుని అన్నదమ్ములు వాటాల గురించి మాట్లాడుకోవడం మొదలైతే ఆ తర్వాత ఆపడం ఎవరివల్లా కాదు.

ఆ కాగితాల దగ్గరికే వద్దాం. పెట్టెలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సినవి అవే. తెలంగాణలో పట్వారీ లెక్కలు, సేత్వార్లు, పహాణీలు, వసూల్ బాకీ పత్రాలు లాంటి భూమి, శిస్తు రికార్డులు 1948 దాకా, ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఉర్దూలో నడిచాయి. అవి శికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. చుక్కలు ఎగరగొట్టి, అక్షరాలు కలిపేసి, కలం ఎత్తకుండా రాసేసేవారు. రోజూ ఉర్దూ పేపరు చదివేవాళ్ళు కూడా దాన్ని చూసి తల అడ్డంగా ఊపుతారు. దానికి తోడు పైసలు, విస్తీర్ణం రాసేటప్పుడు మామూలు అంకెలకు బదులు రఖం గుర్తులు వాడేవారు. అవి అరబీ సంఖ్యల పేర్లను కుదించి గిలికిన గీతలు. అంకెలు నేర్చుకున్నంత మాత్రాన అవి మీకు లొంగవు. ఇక్కడ మీ ప్రయత్నాలు వద్దు, డబ్బిచ్చి చదివించుకోండి. పాత తహసీల్ ఆఫీసుల దగ్గర దస్తావేజులు రాసినవాళ్ళలో, రెవెన్యూలో చేసి రిటైరైన పెద్దల్లో శికస్తా వచ్చినవాళ్ళు ఇప్పటికీ కొందరున్నారు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడిగినా దారి చెబుతారు.

చదివించేటప్పుడు అసలు కాగితం ఎవరి చేతిలోనూ పెట్టి రాకండి. జిరాక్సు ఇవ్వండి, ఫోటో ఇవ్వండి. ఒకరు చదివింది ఇంకొకరికి చెప్పకుండా రెండో మనిషి చేత విడిగా చదివించండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు, ఏడాది ఈ నాలుగూ ఇద్దరి దగ్గరా ఒకటే రావాలి. కోర్టుదాకా పోయే వ్యవహారమైతే ఆ తర్జుమా చెల్లదు, వకీలును కలిసి అధికారికంగా చేయించాలి. ఇంకో మాట, చదివించేదాకా వాటిలో ఆస్తి ఉందనీ లేదనీ ఎవరితోనూ అనకండి. సగం పెట్టెల్లో దొరికేది ఎప్పుడో కట్టేసిన శిస్తు రసీదులే.

తెలుగు పుస్తకాలకు వస్తే మీ చిక్కు మీరనుకున్నంత లేదు. మాటల మధ్య మీకు కనిపించిన తొమ్మిది అసలు అంకే కాదు. దాన్ని వలపలగిలక అంటారు. అది ఏ అక్షరం తర్వాత ఉంటే ఆ అక్షరానికి ముందు 'ర్' చేర్చి చదవాలి. "ధమ౯ము" అంటే ధర్మము. "కత౯" అంటే కర్త. ఈ ఒక్కటి తెలిస్తే పేజీలో సగం భయం పోతుంది. సగం సున్న అరసున్న. "వాఁడు", "వీఁడు" అని ఉంటుంది. దాన్ని మీరు పలకక్కర్లేదు, కళ్ళతో దాటేయండి. బండి 'ఱ'ను మామూలు 'ర'లాగే చదువుకోండి. పండితులు కోప్పడతారేమో గానీ మీకు కథ ఆగదు.

అసలు అడ్డం పడేది సంధులు. మాటలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని రైలుపెట్టెల్లా వస్తాయి. "వాఁడడవికేఁగి కట్టెలు దెచ్చెను" అని ఉందనుకోండి. చూడగానే గుండె జారుతుంది. పైకి చదవండి. వాడు, అడవికి, ఏగి, కట్టెలు, తెచ్చెను. ఏగడం అంటే వెళ్ళడం. అందులో మీకు నిజంగా తెలియని మాట అదొక్కటే. "దెచ్చెను" నిఘంటువులో వెతికితే దొరకదు, ఎందుకంటే అది "తెచ్చెను". మాటల కలయికలో త కాస్తా ద అయింది. క, చ, ట, త, పలు ఇలా గ, స, డ, ద, వలుగా మారుతుంటాయి. గ తో మొదలైన మాట దొరక్కపోతే క లో వెతకండి, వ తో దొరక్కపోతే ప లో వెతకండి. "వాఁడు వోయెను" అంటే పోయాడనే. బళ్ళో తెలుగు పద్యాలు చెప్పేటప్పుడు ఈ ఒక్క కిటుకూ సరిగ్గా అందనందువల్లే చాలామంది పాత తెలుగు మనవల్ల కాదని వదిలేశారని నా అనుమానం.

పద్యాలతో మొదలెట్టకండి, వచనం ఏది దొరికితే అది తీయండి. పీఠికలు, కథలు, వైద్య పుస్తకాలు ఏవైనా సరే. ప్రతి మాటకూ ఆగి నిఘంటువు చూడకండి. పేరా మొత్తం పైకి చదివి, అప్పటికీ అడ్డుపడిన మాటను మాత్రం వెతకండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు అన్నీ ఒకేసారి వెతకొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. మీ పుస్తకాలు అరుదైనవా కాదా తెలుసుకోవాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పేరు కొట్టి చూడండి. పాత తెలుగు పుస్తకాలు వేలల్లో స్కాన్ అయి ఉన్నాయి. అక్కడ ఉంటే మీ ప్రతి చిరిగినా విషయం పోదు. లేకపోతే మీ ప్రతిని జాగ్రత్తగా స్కాన్ చేయించాలి.

తెలుగు అక్షరాల్లో ఉండి ఒక్క ముక్క అర్థం కానిది దాదాపు సంస్కృతమే. మద్రాసు వావిళ్ళవారు, ఇంకా ఎందరో సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలోనే అచ్చువేశారు. మనవాళ్ళకు సంస్కృతం అంటే దేవనాగరి అనే లెక్క ఇటీవలిది. కింద చిన్న అక్షరాల్లో టీక, తాత్పర్యం ఉన్నాయేమో చూడండి. ఉంటే అది తెలుగే. లేకపోతే పీఠిక తెలుగులో ఉండొచ్చు, గ్రంథం దేని గురించో అక్కడ తెలుస్తుంది. అంతకుమించి దాంతో ఇప్పుడు పెట్టుకోకండి. "శుక్లాంబరధరం" చిన్నప్పటినుంచీ చదువుతూనే ఉన్నారు కదా, ప్రతి మాటకూ అర్థం తెలిసే చదివారా? పెళ్ళిలో పురోహితుడు చెప్పమన్నవన్నీ అర్థమయ్యే చెప్పారా? అర్థం తెలియని భాష మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉంది. దానికి ఎవరూ సిగ్గుపడలేదు.

తాటాకుల విషయంలో మీ అమ్మగారి మాట తీసేయకండి, అలాగని కట్ట విప్పకుండా వదిలేయనూ వద్దు. దసరాల్లో సరస్వతీ పూజకు పుస్తకాలు బయటకు తీసి పెట్టడం మనకు ఉన్నదే. ఆ రోజు విప్పుదామని అడగండి, ఆవిడ కాదనరు. పసుపూ కుంకుమా మాత్రం ఎర్రగుడ్డకే పెట్టండి, ఆకులకు వద్దు. విప్పే ముందు కింద తెల్లటి బట్ట పరవండి, ముక్కలు రాలితే కనిపిస్తాయి. ఆకులకున్న తాడు మొదటే లాగేయకండి, వరస చెదిరిందంటే మళ్ళీ కూర్చడం మహా కష్టం. అంటుకుపోయిన ఆకులను విడదీయడానికి గోరు పెట్టొద్దు. తడిబట్టతో తుడవడం, ఎండలో పెట్టడం, సెల్లోటేపు, లామినేషన్ ఇవన్నీ వద్దు. నిమ్మగడ్డి నూనె రాస్తే బాగుంటుందని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అది తెలిసినవాళ్ళు ఆకు పరిస్థితి చూసి చేసే పని, ఇంట్లో చేయకండి.

తెరిచాక ఒకటి గమనించండి. అవి తెలుగు అక్షరాలే అయ్యుండొచ్చు. గంటంతో గీసి మసి రుద్దిన అక్షరాలు కదా, మసి పోతే ఖాళీ ఆకులా కనిపిస్తుంది. పక్కనుంచి వాలుగా టార్చి వెలుగు వేయండి, గీతల్లో నీడ పడి అక్షరాలు తేలతాయి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, చాలాచోట్ల ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపరు. నెమ్మదిగా చూస్తే ఏదో ఒక మాట దొరుకుతుంది. శొంఠి, మిరియాలు, తేనె లాంటి మాటలు కనిపిస్తే మీ ముత్తాత వైద్యం పుస్తకమే. అలా అయితే గట్టిగా చెబుతున్నాను, అందులోని మందులు వండి ఎవరికీ పెట్టకండి. పాదరసం, గంధకం, నాభి అనే విషపు దుంప లాంటివి వాడే మందులు ఉంటాయి. వాటిని శుద్ధి చేసే పద్ధతి, మోతాదు గురువు నోటితో చెప్పేవారు తప్ప అన్నీ ఆకుమీద రాసేవారు కాదు.

కట్ట చివరి ఆకు తప్పకుండా చూడండి. రాసినవాడి పేరు, ప్రభవాది సంవత్సరం పేరు, మాసం, తిథి అక్కడ ఉండే అవకాశముంది. సంవత్సరం పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది గనక, ప్రభవ అని ఉంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు, ఆకు స్థితి చూసి తేల్చుకోవాలి. చాలా ప్రతుల చివర ఒక శ్లోకం కూడా ఉంటుంది: "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా". పుస్తకం ఎలా కనిపించిందో అలాగే రాశాను, తప్పో ఒప్పో నా దోషం లేదు అని రాతగాడు చేతులు దులుపుకోవడం అన్నమాట. ఆయనకూ అంతా అర్థమై ఉండదు. అర్థం కాకపోయినా అక్షరం మార్చకుండా దించాడు గనకే ఆ గ్రంథం ఇక్కడిదాకా వచ్చింది. మీ వంతు పని కూడా అలాంటిదే. ప్రతి ఆకునూ రెండువైపులా వరసగా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. చదవగలిగినవాళ్ళు ఎప్పుడైనా దొరుకుతారు.

ఉస్మానియా ప్రాంగణంలో రాష్ట్ర ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. ఆ ఫోటోలు తీసుకుని అక్కడికి వెళ్ళండి. ఇచ్చేయాలా ఇంట్లో ఉంచుకోవాలా అన్నది వాళ్ళు చూసి చెప్పిన తర్వాత ఆలోచించవచ్చు. నా మటుకు నేను, పురుగు పట్టడం మొదలైతే ఇచ్చేయడమే మంచిదంటాను. ఇచ్చేటప్పుడు రసీదు, ఇంటిపేరుతో నమోదు అడిగి తీసుకోండి. మీ బావగారికి మాత్రం ఈ ముక్క చదివి వినిపించండి: డెబ్బై అయిదేళ్ళు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, దేశం దాటించడం నేరం. "ఎవరికీ చెప్పకు" అంటూ మొదలైన బేరంలో లాభపడేది కొన్నవాడే.

ఏం నేర్చుకోవాలి అని అడిగారు. సంస్కృతం వద్దు, ఫారసీ అసలే వద్దు. ఉర్దూ అక్షరాలు సరదాగా నేర్చుకోండి, రాకపోతే చదివిపెట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. మీ ఉత్తరంలో నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. తాత ఉర్దూ చదవలేకపోవడం మీ తప్పు కాదు. రాజ్యం మారింది, బడి భాష మారింది, ఆ దారి మీదాకా రానేలేదు. తెలుగు పేపరు కూడబలుక్కోవడం అలాంటిది కాదు. ఆ భాషలోనే రోజంతా మాట్లాడుతున్నారు, అక్షరాలూ వచ్చు, చదివే అలవాటే లేదు. రోజూ ఒక వార్త పైకి చదవండి, పాప వింటుంది. కొన్ని నెలలకు తాత తెలుగు పుస్తకాలు మీరే తెరుస్తారు. "ఇవేంటి నాన్నా" అని అడిగినప్పుడు తెలిసినంత చెప్పండి. ఇది ఉర్దూ, ఇది మీ ముత్తాత చదువుకున్న లెక్కల పుస్తకం అనుకుంటున్నా, ఇది ఇంకా తెలియదు, కనుక్కోవాలి. తెలియదని నాన్న నోటివెంట విన్నంతలో పిల్లల దగ్గర మన పరువేం పోదు.

బాబాయిని కూడా నొప్పించకండి. అన్నీ దాచాలని నేనూ అనను. కిందటి ఏళ్ళ క్యాలెండర్లు, చెదలు తిని పొడి అయిన వారపత్రికలు, పోటీ పరీక్షల గైడ్లు నిక్షేపంగా పాతపేపర్లవాడికి వేయమనండి. వేసేముందు ఒక్కొక్కటీ పట్టుకుని పేజీలు దులపండి. ఆ కాలంవాళ్ళు రసీదులు, ఉత్తరాలు, ఒక్కోసారి నోట్లు కూడా పుస్తకాల మధ్యే పెట్టేవారు.